కృష్ణాజలములు – నదీ యాజమాన్యపు బోర్డు – చెన్నపట్టణము

మన త్యాగరాయనగరము ఒకప్పుడు చెరువు. మాంబళపు పెద్దచెరువును 1923 ప్రాంతమున ఎండగట్టి, దాని గర్భమున వీధులు తీర్చి, ఆ క్రొత్త పేటకు పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు పెట్టిరి. పేట నడుమనున్న ఉద్యానము కాళహస్తి వాస్తవ్యులైన పానగల్లు రాజా, పానగంటి రామారాయణింగారి పేర వెలసినది. ఇద్దరును తెలుగువారే. నీరు నిలిచిన చోట ఊరు వెలసినది. ఆ పిదప ఆ ఊరే నీటికొరకు సుమారు నాలుగువందల కిలోమీటర్ల దూరమున శ్రీశైలము కొండల నడుమనున్న కృష్ణవైపు చేయి చాచవలసి వచ్చినది.

తరగతిలో ఒకనాడు "తూము" అను మాటకు అర్థము చెప్పుచుండగా ఒక బాలిక, "శ్రీశైలములో మన నీటికి తూము ఎత్తువారెవరండీ?" అని అడిగినది. ఇంజనీర్లని చెప్పి పాఠము ముందుకు సాగించితిని. కాని అది పూర్తి సమాధానము కాదు. ఎత్తుటకు ఉత్తరువు ఇచ్చువారెవరు? ఆ ఉత్తరువును పాటింపకున్న ఏమగును? ఈ ప్రశ్నలను తరచి చూచిన కొలది ఒక నదీ పరీవాహకప్రాంతపు పరిపాలనమంతయు కన్నుల యెదుటికి వచ్చును. ఆ విషయమును నాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరించుచున్నాను.

మొదట కొలతలను గూర్చి నాలుగు మాటలు. వార్తాపత్రికలలో నిత్యము కనబడు టీఎంసీ యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో చెప్పినచో సుమారు 2,831 కోట్లు. క్యూసెక్కనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు ప్రవాహము. 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఒక అహోరాత్రము సాగినచో ఒక టీఎంసీ యగును. చెన్నపట్టణమునకు దినమునకు నూరుకోట్ల లీటర్ల నీరు సరఫరా చేయవలెనన్నచో నెలకు ఇంచుమించుగా ఒక టీఎంసీ కావలెను. కనుక 12 టీఎంసీలన్న మాట వినబడినప్పుడెల్ల అది ఈ నగరము ఏడాది పొడవున త్రాగు నీరని పాఠకులు గ్రహింతురు గాక.

ఆ 12 టీఎంసీల సంగతి యిది. కృష్ణానది మహాబలేశ్వరము చెంత పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, హంసలదీవి యొద్ద సముద్రమున కలియుచున్నది. భీమ, తుంగభద్ర మొదలగు ఉపనదులతో కూడి దాని పరీవాహకప్రాంతము 2,58,948 చదరపు కిలోమీటర్లు. చెన్నపట్టణము ఆ ప్రాంతములోనిది కాదు. నదీజలములపై దానికి సహజమైన హక్కు ఏదియు లేదు. అయినను నగరపు దాహమును చూచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు తమ తమ వాటాలనుండి అయిదేసి టీఎంసీల వంతున 15 టీఎంసీలిచ్చుటకు 1976–77లలో అంగీకరించినవి. 1983 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు కుదుర్చుకొన్న ఒప్పందము ప్రకారము, దారిలో ఆవిరియు ఇంకుడును పోగా, సరిహద్దు వద్ద 12 టీఎంసీలు అప్పగింపవలెను: జూలై మొదలు అక్టోబరు వరకు 8, జనవరి మొదలు ఏప్రిలు వరకు 4. అప్పటి ముఖ్యమంత్రులు ఇచ్చట ఎం.జి. రామచంద్రన్, అచ్చట నందమూరి తారకరామారావు. పథకమునకు తెలుగుగంగ యని పేరు వచ్చినది. దానముగా ఇచ్చిన నీటికి ఇంతకంటె తగిన పేరు దొరకదని నా అభిప్రాయము.

శ్రీశైలము జలాశయము వెనుకభాగమున పోతిరెడ్డిపాడు వద్ద తూములు కలవు. అచ్చటినుండి 16 కిలోమీటర్లకు పైగా సాగిన కాలువ బనకచర్ల చేరును. బనకచర్లలో దారులు చీలును. ఒక దారి వెలుగోడు జలాశయమునకు పోవును. అచ్చటినుండి నీరు పెన్నానదిలో కలిసి సోమశిలకు, సోమశిలనుండి కాలువ మీదుగా కండలేరునకు చేరును. సోమశిల 78 టీఎంసీలు పట్టునది, కండలేరు 68. కండలేరునుండి 152 కిలోమీటర్ల కాలువ నెల్లూరు, తిరుపతి జిల్లాలను దాటి ఊత్తుకోట యొద్ద తమిళనాట ప్రవేశించును. ఆ సరిహద్దు స్థానమును జీరో పాయింటు అందురు. మరి 25 కిలోమీటర్లు నడచి నీరు పూండి జలాశయమున పడును. తొలిసారి కృష్ణాజలము తమిళనాడు చేరినది 1996లో. మట్టికట్టల కాలువలో నీరు చాలవరకు ఇంకిపోవుచుండెను. 2002లో ప్రారంభించి 2004 నాటికి సత్యసాయి సంస్థ తన వ్యయముతో ఆ కాలువకు మరమ్మతులు చేయించిన పిమ్మట ప్రవాహము మెరుగుపడినది.

ఇంత దూరము నడచు నీటికి ఎన్ని చేతులు తగులునో యోచింపుడు. 8 టీఎంసీలు నాలుగు నెలలలో అందవలెనన్నచో జీరో పాయింటు వద్ద పగలనక రాత్రియనక సగటున 750 క్యూసెక్కులు పారవలెను. కాలువ గట్టున పైరు వాడుచున్న రైతు మోటారు పెట్టి తోడుకొనినచో అతనిని పూర్తిగా తప్పుపట్టుటకు నాకు నోరాడదు. త్రాగునీరు ఊరివారిది, ఎండిన చేను అతనిది. ఒప్పందపు 12 టీఎంసీలలో చాల సంవత్సరములు ఎంతో తక్కువ మాత్రమే చేరినది. దానికి కారణము కాలువలోనే గాక, మొదటి తూము వద్దను కలదు.

శ్రీశైలము పూర్తి నీటిమట్టము 885 అడుగులు. పోతిరెడ్డిపాడు తూముల గడప 841 అడుగుల ఎత్తున నున్నది. జలాశయపు మట్టము 854 అడుగులకు దిగువకు పోయినచో తూములలోనికి చెప్పుకోదగిన నీరు రాదు. ఆ జలాశయము నిర్మింపబడినది మొదట విద్యుత్తుకొరకు. కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రము ఆంధ్రప్రదేశ్‌ది. ఎడమగట్టున భూగర్భమున 900 మెగావాట్ల కేంద్రము తెలంగాణది. టర్బైనులు తిరిగినప్పుడు నీరు దిగువనున్న నాగార్జునసాగరమునకు పోవును. అచ్చటి పంటలకును హైదరాబాదు దాహమునకును అది అక్కరకు వచ్చును, కాని పోతిరెడ్డిపాడు తూములకు తిరిగి రాదు. కనుక శ్రీశైలమున ఏ నెలలో ఎన్ని అడుగుల మట్టము నిలుపవలెనన్నది రాయలసీమ పంటకును, చెన్నపట్టణపు కుండకును, తెలంగాణ విద్యుద్దీపమునకును ఒకే ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసిన సంస్థయే కృష్ణానదీ యాజమాన్యపు బోర్డు.

ఈ బోర్డు పుట్టుక తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. 1956లో పార్లమెంటు నదులను గూర్చి రెండు శాసనములు చేసినది: ఒకటి నదీబోర్డుల చట్టము, రెండవది అంతర్రాష్ట్ర జలవివాదముల చట్టము. రాష్ట్రములు ముందుగానే కూడి యోచించుటకు మొదటిది, తగవు వచ్చిన పిదప తీర్పు చెప్పుటకు రెండవది. రెండవ చట్టము క్రింద ట్రిబ్యునలులు వరుసగా వెలసినవి; మొదటి చట్టము క్రింద నేటివరకు ఒక్క బోర్డును ఏర్పడలేదు. అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ 1933లో స్థాపింపబడగా దానిని చూచి మన దేశమున 1948లో దామోదర్ లోయ కార్పొరేషను నెలకొల్పిరి. ఒక లోయ మొత్తమునకు ఒకే సంస్థ యనెడి ఆ ఆశ తరువాతి నదులకు ప్రాకలేదు. కలిసి యోచించుటకంటె వాదులాడుటకే మనము మొగ్గు చూపితిమని ఆ రెండు చట్టముల చరిత్ర చెప్పుచున్నది.

కృష్ణ విషయమున 1969లో న్యాయమూర్తి బచావత్ అధ్యక్షుడుగా ట్రిబ్యునలు ఏర్పడి, 1973లో నిర్ణయము చెప్పి, 1976లో దానిని స్థిరపరచినది. నూటికి 75 సంవత్సరములు నమ్మదగిన ప్రవాహము 2,060 టీఎంసీలని లెక్కించి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించినది. పొలములనుండి తిరిగి నదిలో చేరు నీటిని కూడ లెక్కించిన పిదప ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలైనది. 2004లో న్యాయమూర్తి బ్రిజేశ్‌కుమార్ అధ్యక్షుడుగా రెండవ ట్రిబ్యునలు వచ్చి 2010లోను 2013లోను తన నిర్ణయములు ప్రకటించినది. అంతలో 2014లో రాష్ట్రము రెండైనది. ఒక ఇంటిలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు పొలము పంచుకొనవచ్చును, ఇల్లు పంచుకొనవచ్చును. బావికి నడుమ గోడ కట్టుట సాధ్యము కాదు. 811 టీఎంసీలలో ఎవరికెంత యన్న ప్రశ్న అప్పుడు లేచినది.

పునర్విభజన చట్టపు 84వ సెక్షను క్రింద ఒక ఉన్నతమండలియు, 85వ సెక్షను క్రింద కృష్ణా, గోదావరులకు రెండు బోర్డులును ఏర్పడినవి. ఉన్నతమండలికి కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షుడు, ఇద్దరు ముఖ్యమంత్రులు సభ్యులు. 2016 సెప్టెంబరులోను 2020 అక్టోబరులోను అది సమావేశమైనది. బోర్డునకు అధ్యక్షుని కేంద్రము నియమించును, ఒక్కొక్క రాష్ట్రమునుండి ఇద్దరేసి, అనగా చీఫ్ ఇంజనీరు హోదాకు తగ్గని సాంకేతికసభ్యుడొకడు, పరిపాలనాధికారి యొకడు, కేంద్రమునుండి ఒక నిపుణుడు, పూర్తికాలపు సభ్యకార్యదర్శి. ట్రిబ్యునలు తీర్పులను ఒప్పందములను అనుసరించి రాష్ట్రములకు నీటి విడుదలను, విద్యుత్తు సరఫరాను క్రమబద్ధము చేయుట, క్రొత్త ప్రాజెక్టులవలన పాతవానికి హాని కలుగునా యని పరీక్షించుట దాని విధులు. ఖర్చు ఇరు రాష్ట్రములది.

దాని పని నడుచు తీరు ఇది. జలసంవత్సరము జూన్ 1న ప్రారంభమై మే 31న ముగియును. తమకు ఏ నెలలో ఏ కాలువకు ఎంత నీరు కావలెనో ఇరు రాష్ట్రములును బోర్డునకు వ్రాసి పంపును. సభ్యకార్యదర్శియు, ఇరు రాష్ట్రముల ఇంజనీర్-ఇన్-చీఫులును కూడిన ముగ్గురు సభ్యుల సంఘము కూర్చుండి, జలాశయములలోని నిల్వను, వరదను, త్రాగునీటి అవసరమును చూచి ఎవరికెంతయో నిర్ణయించును. ఆ మీదట బోర్డు విడుదల ఉత్తరువు వెలువడును. పంపకమునకు ఆధారము 2015లో కేంద్రము సమక్షమున కుదిరిన తాత్కాలికపు ఏర్పాటు: ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. పిదప కొన్ని సంవత్సరములు దానినే 66కు 34 నిష్పత్తిగా వాడిరి. పరీవాహకప్రాంతములో అధికభాగము తమదనియు, వాటా అందుకు తగినట్లు ఉండవలెననియు తెలంగాణ వాదము. దశాబ్దములుగా నీరు పారుచున్న పాత ఆయకట్టునకు భంగము కలుగరాదని ఆంధ్రప్రదేశ్ వాదము. రెండు వాదములలోను న్యాయము కలదు. తగవు తెగకుండుటకు అదియే కారణము. 2023 అక్టోబరులో కేంద్రము ఈ పంపకమును బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునలునకే అప్పగించినది.

ఇంతవరకు చదివిన పాఠకునకు బోర్డు మిక్కిలి బలమైన సంస్థగా తోచవచ్చును. ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వత్తము: తూము ఎత్తువారెవరు? బోర్డు కాదు. బోర్డు చేతిలో కలము కలదు, తాళపుచెవి లేదు. రాష్ట్రవిభజన తరువాత శ్రీశైలము ఆనకట్ట నిర్వహణము ఆంధ్రప్రదేశ్‌కు, నాగార్జునసాగరము తెలంగాణకు వచ్చినది. ఉత్తరువు బోర్డుది, దానిని అమలు జరుపు ఇంజనీరు జీతము రాష్ట్రముది. కేంద్రము 2021 జూలై 15న బోర్డు అధికారపరిధిని గెజెట్టులో ప్రకటించి, ఆ అక్టోబరు 14నుండి అమలులోనికి వచ్చునన్నది. తెలంగాణ అప్పగించినగాని మేము అప్పగింపమని ఒకరు, ముందు వాటాలు తేలవలెనని మరొకరు. ఆ గడువునాటికి ఆనకట్టలు బోర్డు చేతికి రాలేదు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ప్రాజెక్టులను అప్పగింపరాదని తీర్మానమే చేసినది.

దీని ఫలితము 2023 నవంబరు 30 తెల్లవారుజామున కనబడినది. ఆ దినము తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగరపు 26 గేట్లలో తమవైపు 13 గేట్లను స్వాధీనము చేసికొని, ఆనకట్ట నడుమ కంచె వేసి, కుడికాలువకు నీరు విడిపించిరి. తుదకు కేంద్ర రిజర్వు పోలీసులను కాపలాకు దింపవలసి వచ్చినది. 1955 డిసెంబరులో నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసి ఆధునిక దేవాలయమని కొనియాడిన కట్టడము మీద తెలుగు పోలీసులు తెలుగు పోలీసులకు ఎదురు నిలిచిరి. ఈ వార్త చదివిన దినమున చెన్నపట్టణమున మనలో ఎవరికిని ఏ పక్షమును వహించుటకు మనసు రాలేదనుకొందును.

బోర్డులన్నియు ఇట్లే యుండునా? ఉండవు. కృష్ణకు ఉపనదియైన తుంగభద్ర మీదనే మరియొక బోర్డు కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినప్పుడు హోసపేట ఆనకట్ట అప్పటి మైసూరు రాష్ట్రములోనికి పోయినది. దాని నీటిపై ఆశపెట్టుకొన్న పొలములు బళ్లారితో పాటు అనంతపురము, కడప, కర్నూలు జిల్లాలలో నున్నవి. అప్పుడేర్పడిన తుంగభద్ర బోర్డునకు కలముతో పాటు తాళపుచెవియు లభించినది: ఆనకట్టయు, కుడివైపు ఉమ్మడి కాలువలును దాని నిర్వహణములోనివి. ప్రతి సంవత్సరము రానున్న ప్రవాహమును అంచనా కట్టి, నీరు తగ్గినచో అందరి వాటాలును అదే నిష్పత్తిలో తగ్గించును. పూడికవలన ఆ జలాశయము 133 టీఎంసీలనుండి సుమారు 105 టీఎంసీలకు కుంగినది. అయినను లోటును సమముగా పంచుకొను పద్ధతి అచ్చట నిలిచినది. దానికి లోపములు లేవని కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. నిండియున్న జలాశయపు నీటిని ఎంతో నదిలోనికి విడువవలసి వచ్చినది. వయోవృద్ధుడైన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో ప్రవాహము సాగుచుండగనే వారము దినములలో ఇనుపపలకలు దింపి ఆపిరి. ఆ వారమున మంత్రులును ఆ ఆనకట్ట మీదికి వచ్చిరి. అది ఉమ్మడి సొత్తు కనుక నష్టము అందరిదైనది.

నాకు తోచినంతవరకు, కృష్ణాబోర్డునకు తాళపుచెవికంటె ముందు కావలసినది కొలబద్ద. ఒక కాలువలో ఎంత పారినదో ఇరుపక్షములును ఒప్పుకొను లెక్క లేనిదే ఏ పంపకమును నిలువదు. ఇందుకొరకే తూముల వద్ద టెలిమెట్రీ యంత్రములు పెట్టవలెనని బోర్డు తలపెట్టినది. మనిషి వ్రాయు లెక్కకు బదులు నీటిమట్టమును తనంతట తాను చదివి కార్యాలయమునకు తెలుపునవి ఆ యంత్రములు. మొదటివిడత కొన్ని చోట్ల వెలసినవి. తక్కినవి ఎచ్చట పెట్టవలెను, డబ్బు ఎవరు కట్టవలెను అన్న వాదములో సంవత్సరములు గడచినవి. పోతిరెడ్డిపాడు కాలువ మొదట సుమారు 11 వేల క్యూసెక్కులకు ఏర్పడి, 2005 తరువాత 44 వేలకు విస్తరింపబడినది. ఆ కాలువలో చెన్నపట్టణపు నీరు, రాయలసీమ నీరు, వరదలో మిగులు నీరు అన్నియు కలిసియే పారును. నీటికి రంగు లేదు. ఏ చుక్క మహారాష్ట్ర యిచ్చిన అయిదు టీఎంసీలలోనిదో, ఏది సీమ పొలమునకు పోవునదో కంటితో చూచి చెప్పలేము. లెక్కపుస్తకములో తప్ప మన 15 టీఎంసీలు వేరుగా ఎచ్చటను లేవు. అందుచేత ఆ పుస్తకము సరిగా ఉండుట మనకు ప్రాణావసరము.

బోర్డులో తమిళనాడునకు సభ్యత్వము లేదు. చెన్నపట్టణపు త్రాగునీటి విషయమై బోర్డు అధ్యక్షుని ఆధ్వర్యమున సంబంధించిన రాష్ట్రముల అధికారులు సమావేశమగుచుందురు. కావలసినప్పుడు తమిళనాడు అధికారులు కోరికపత్రము వ్రాయుదురు. కావేరి విషయమున అట్లు కాదు: 2018లో ఏర్పడిన కావేరీ జలయాజమాన్య సంస్థలో తమిళనాడు హక్కుగల సభ్యురాలు. కావేరి నీటిని హక్కుగా, కృష్ణ నీటిని స్నేహముగా పొందుచున్న నగరము మనది.

2019 వేసవిలో పూండి, పుళల్, చోళవరము, చెంబరంబాకము జలాశయములు దాదాపు ఎండిపోయి, జూలైలో జోలార్‌పేటనుండి రైలుపెట్టెలలో నీరు తెచ్చిరి. త్యాగరాయనగరపు వీధులలో తెల్లవారుజామున నాలుగు గంటలకే ప్లాస్టిక్ బిందెలు వరుసకట్టుట మనమందరము చూచినదే. ఆ వరుసలో నిలిచిన మా పిల్లలలో కొందరు ఆ దినములలో తరగతిలో నిద్రపోవుచుండిరి; లేపుటకు మనసొప్పకుండెను. ఆ సెప్టెంబరు తుదిని కృష్ణాజలము జీరో పాయింటు దాటి పూండికి వచ్చినది. సముద్రజలమును శుద్ధిచేయు కర్మాగారములు మీంజూరులోను నెమ్మేలిలోను ఉన్నవి. వీరాణము గొట్టములు 2004నుండి పనిచేయుచున్నవి. తేర్వాయికండిగ జలాశయము 2020లో తోడైనది. ఇవన్నియు నుండగా కృష్ణతో పనియేమని అనువారు కలరు. ఉప్పునీటిని త్రాగునీరుగా మార్చుటకు విద్యుత్తు విస్తారముగా కావలెను. కండలేరునుండి నీరు పల్లమునకు తనంతట తానే నడచి వచ్చును.

ఆ బాలిక మరల అడిగినచో నేను చెప్పదలచిన జవాబు ఇట్లుండును. హైదరాబాదులో ముగ్గురు ఇంజనీర్లు కూర్చుండి లెక్క వేయుదురు. పోతిరెడ్డిపాడులో ఒక ఉద్యోగి ఆ కాగితము చూచి గేటు ఎత్తును. వెలుగోడు, సోమశిల, కండలేరులలో మరి ముగ్గురు ఎత్తుదురు. ఊత్తుకోట వద్ద ఆంధ్ర, తమిళ ఇంజనీర్లు కొలపలక వద్ద నిలిచి మట్టము చదువుదురు. అచ్చట ఇరువురికిని ఒకే అంకె కనబడిన దినమున పూండికి నీరు వచ్చుచున్నదని అర్థము.